మాటిచ్చిన ఓటు

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు, అమెరికా ఎన్నికల్లో జార్జియా రాష్ట్రంలో పాత అధ్యక్షుడి ఆధిక్యమంతా కరిగిపోయి అవతలాయన తొమ్మిది వందల చిల్లర ఓట్లతో ముందుకొచ్చాడని టీవీలో చెప్పగానే, సముద్రానికి ఇవతల అత్లోన్ అనే ఊళ్లో పున్నయ్య మాస్టారు ఇడ్లీ పళ్లెం పక్కకు నెట్టేశాడు.

"కాలనీ పెట్టెలు ఇప్పారన్నమాట," అన్నాడు.

పున్నయ్య పర్చూరు పక్క పల్లెలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. సర్వీసులో ఇరవై రెండు ఎన్నికలకు ప్రిసైడింగ్ ఆఫీసరుగా కూర్చున్నాడు. ఏ పెట్టె విప్పితే ఎవరికి ఎంత పడుతుందో, పెట్టె మోసిన బరువును బట్టి చెప్పగలనని ఆయన నమ్మకం. ఫిబ్రవరిలో మనవరాలిని చూసి పోదామని భార్య సరోజినితో కలిసి మూడు నెలలకని వచ్చాడు. కరోనాతో విమానాలు ఆగిపోయాయి. తొమ్మిది నెలలైనా ఇక్కడే ఉన్నాడు. ఇల్లు దాటి అయిదు కిలోమీటర్లు పోతే పోలీసులు ఆపి ఎక్కడికని అడుగుతారు. ఆయనకు పోవడానికి చోటూ లేదు, పలకరించేందుకు మనిషీ లేడు. అంచేత మంగళవారం నుంచీ టీవీ ముందు కూర్చుని, అమెరికా పటం మీద జిల్లాలను మన పేటల్లాగా, పల్లెల్లాగా విడగొట్టుకుని, ఎక్కడ మనవాళ్లు ఎక్కడ పైవాళ్లు అని తేల్చుకుంటూ గడిపాడు. నిన్న పొద్దున పద్దెనిమిది వేలున్న తేడా సాయంత్రానికి నాలుగు వేలైంది. అప్పుడే మొదలుపెట్టాడు. దొంగ ఓట్లు. చచ్చినోళ్ల ఓట్లు. టపాలో వచ్చినవన్నీ దొంగవే. టీవీ ఒకసారి అంటే ఈయన రెండుసార్లు అన్నాడు.

కోడలు సుధేష్ణ వంటింట్లో నుంచి అంతా వింటూనే ఉంది. ఆ రాష్ట్రంలో ఆమెకొక ఓటుంది. పుట్టింది అక్కడే. తండ్రి వైద్యం పైచదువుకు అగస్టాలో ఉన్న మూడేళ్లలో పుట్టి, నడక నేర్చేసరికి ఒంగోలు వచ్చేసింది. తరవాత అమెరికా పాస్‌పోర్టు ఇరవై ఏళ్లు బీరువాలో పడుంది. ఉద్యోగానికని మళ్లీ వెళ్లి, అట్లాంటా దగ్గర ఒక ఆస్పత్రి బిల్లుల సెక్షన్లో నాలుగేళ్లు చేసింది. పెళ్లయి తిరిగొచ్చి, హైదరాబాదు చూసి, మూడేళ్ల కిందట భర్త యుగంధర్‌కు మందుల కంపెనీలో ఉద్యోగమొస్తే ఇక్కడికి చేరింది. ఊరి చివర వృద్ధాశ్రమంలో ఆఫీసు పని చేస్తుంది. ముప్పై ఆరేళ్లొచ్చినా, ఏ దేశంలోనూ ఒక్కసారి కూడా ఓటు వేసి ఎరగదు.

ఆ అట్లాంటా ఆస్పత్రిలో పక్క సీటు ఎర్నెస్టీన్‌ది. నల్లజాతి మనిషి, సుధేష్ణ కంటే పాతికేళ్లు పెద్దది. దేశాలు మారినా నెలకోసారి ఫోన్ చేసేది. ఎన్నికలొచ్చినప్పుడల్లా వేశావా అని అడిగేది, సుధేష్ణ ఏదో సాకు చెప్పేది. ఓటు రాయించుకోబోతే మా నాయనమ్మను కోర్టు మెట్ల మీద నుంచి మూడుసార్లు తరిమారు, నీకు తపాలా బిళ్ల అంటించడానికి బద్ధకమా అని ఒకసారి తిట్టింది కూడా. జూన్‌లో పార్టీ ఎన్నికలకు మడత కుర్చీ పట్టుకుపోయి ఎండలో అయిదు గంటలు వరసలో నిలబడ్డానని చెప్పింది. జూలైలో ఆమెకు కరోనా సోకింది. ఆమె పనిచేసిన ఆస్పత్రిలోనే, ఒక్క మాస్కు వారం రోజులు వాడుకోమన్న ఆస్పత్రిలోనే, పోయింది.

ఆగస్టులో సుధేష్ణ ఓటుకు అర్జీ పెట్టింది. విదేశంలో ఉన్నవాళ్లకు బ్యాలెట్ ఈమెయిల్లో వస్తుంది. ప్రింటు తీసి, గుర్తులు పెట్టి, కవరు మీద సంతకం చేసి టపాలో పంపాలి. అక్టోబరులో ఒక ఆదివారం వంటింటి బల్ల మీద, చేతులు రెండుసార్లు కడుక్కుని మరీ, ఒక్కో గడీ నల్లసిరాతో నింపింది. కవరు మూసి, సంతకం చేసి, మర్నాడు తనకు పొద్దుటి డ్యూటీ ఉందని యుగంధర్ చేతికిచ్చింది. సాయంత్రం వచ్చి పోస్టు చేశానన్నాడు.

ఇప్పుడు, ఈ శుక్రవారం పదకొండింటికి, సెలవు కదా అని మెయిళ్లు సర్దుకుంటూ చెత్తమెయిళ్ల అరలో ఒకటి చూసింది. జార్జియా ఎన్నికల ఆఫీసు నుంచి. బుధవారం వచ్చింది. మీ కవరు మీద సంతకం, అర్జీ మీద సంతకం కలవడం లేదు. ఓటు మీదే, సంతకం మీదే అయితే ఈ ప్రమాణపత్రం నింపి, పాస్‌పోర్టు నకలు జతచేసి శుక్రవారం సాయంత్రం అయిదుకల్లా పంపండి. లేకపోతే ఓటు లెక్కలోకి రాదు. అక్కడి అయిదంటే ఇక్కడ పది. కింద కవరు మీది సంతకం ఫొటో పెట్టారు.

అది సుధేష్ణ సంతకం కాదు. ఎవరిదో గుర్తుపట్టడానికి అరనిమిషం కూడా పట్టలేదు. ఇంటి అద్దె కాగితం మీద, డాక్టరు దగ్గర పేరు రాయించిన ఫారం మీద, పిల్ల స్కూలు కాగితాల మీద, ఆమె పేరుతో పదేళ్లుగా అదే చెయ్యి అదే వంకరతో సంతకాలు పెడుతోంది. ఇంటి కాగితాలన్నీ మగవాడు చూసుకుంటాడు, సంతకం కోసం పెళ్లాన్ని పిలవడమెందుకని తనే గీకేస్తాడు. ఆమె కూడా ఏనాడూ అడగలేదు. పని తప్పిందిలే అనుకుంది. అడగకపోవడం తన తప్పేనని ఆమెకు ఆ క్షణంలోనే తెలిసింది.

యుగంధర్ చిన్నగదిలో ఇంటి నుంచి పని చేస్తున్నాడు. మీటింగ్ అయ్యేదాకా తలుపు దగ్గర నిలబడి, ల్యాప్‌టాప్ అతని ముందు పెట్టింది.

అతను చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఫేక్ మెయిల్ అయ్యుంటది. ఈ వారం ఇట్టాంటివి శానా తిరుగుతున్నయ్."

"సంతకం ఎవరిది?"

"ఆ రోజు వాన. కవరు తడిసింది. పోస్టాఫీసులో కొత్తది కొని మార్చా. నీ సంతకం నేనే పెట్టా. చిన్న విషయం సుధా."

"తడిసిన కవరేది?"

"పారేశా."

"లోపలి కాగితం నేను నింపిందేనా?"

అతను తెర వైపు చూశాడు గానీ పెళ్లాం వైపు చూడలేదు. ముందుగదిలో టీవీ శబ్దం తగ్గింది. పున్నయ్య గొంతు వచ్చింది.

"చెప్పరా, దాచేదేముంది అందులో? దొంగతనం చేశామా?"

తరవాత ఆయనే వచ్చి, నడవలో గోడకానుకుని, ఊళ్లో పంచాయతీ తీర్చినంత నింపాదిగా చెప్పుకొచ్చాడు. అట్లాంటాలో వెంకటేశ్వర రావని ఆయన పాత శిష్యుడొకడున్నాడు. పాత అధ్యక్షుడి పార్టీ తరఫున తెలుగిళ్ల జాబితా పెట్టుకుని, ఇంటికెన్ని ఓట్లో రాసుకుని, అచ్చం సర్పంచి ఎన్నికకు తిరిగినట్టు ఫోన్లలో తిరుగుతున్నాడు. సెప్టెంబరులో మాస్టారికి చేశాడు. మీ కోడలు గారిది మా రాష్ట్రమేనట కదా మాస్టారూ అన్నాడు. తొమ్మిది నెలలుగా ఏ పనికీ ఎవరికీ అక్కర్లేని మనిషి, అంత దూరం నుంచి ఒకడు ఓటడిగేసరికి ఉబ్బిపోయాడు. మా ఇంట్లో ఓటుంది, అది మీదే, రాసుకో అన్నాడు. ఊళ్లో ఆయనింట్లో పదకొండు ఓట్లు. ఏ ఎన్నికకైనా అరుగు మీద కూర్చుని పదకొండూ ఫలానా వాళ్లకని ఒక్క మాటలో చెప్పేవాడు. అవి అట్లాగే పడేవి. కోడలి ఓటు పన్నెండోది.

"నువ్వు అవతలోళ్లకి ఏశావని ఈడు చెప్పాడు. నా మాట ఏం గావాల?"

"నేను ఎవరికేశానో ఆయనకెట్టా తెలుసు?"

ఆ మాట ఆమె మామను అడిగింది గానీ చూపు భర్త మీదే ఉంది. యుగంధర్ కవరు విప్పి చూశాడు. తండ్రి మాట పోకూడదని ఆమె మెయిల్ తెరిచాడు, ఆ మెయిల్ పాస్‌వర్డ్ పెట్టింది కూడా తనే కాబట్టి. కంపెనీలో ఇంకో ప్రింటు తీశాడు. తండ్రి చెప్పినట్టు గడులు నింపాడు. కవరు మీద ఆమె పేరు గీకాడు. ఆమె నింపిన కాగితాన్ని కంపెనీలోనే కాగితాలు ముక్కలు చేసే మిషన్లో వేశాడు. ఇదంతా ఒక్కో ముక్కా అడిగి అడిగి రాబట్టాల్సి వచ్చింది.

ఎర్నెస్టీన్ పేరు చెప్పుకుని, చేతులు కడుక్కుని నింపిన కాగితం. అది ముక్కలైన నెలకు తనకు తెలిసింది. ఈ నెలంతా ఆ మనిషి పక్కనే కూర్చుని అన్నం తింది.

"మీ కంపెనీలో," అంది సుధేష్ణ, "మందు తయారైన రికార్డు మీద పక్కవాడి సంతకం నువ్వు పెడితే ఏమవుద్ది?"

పదేళ్ల కాపరంలో అత్తమామల ఎదుట ఆమె భర్తను నువ్వు అనడం అదే మొదటిసారి. గదిలో అందరికీ వినిపించింది.

"ఉద్యోగం పోద్ది," అన్నాడు.

"పోయినేడు ఒకణ్ణి తీయించింది నువ్వేగా. నైట్‌షిఫ్ట్ వాడు, పాప పుట్టిందని తొందరగా ఇంటికిపోతా ఫ్రెండ్‌తో సంతకం పెట్టించుకున్నాడని. ఇంటికొచ్చి గొప్పగా చెప్పావు. సంతకమంటే మనిషి అన్నావు."

అతను ఆ మాటను దాటి అవతలికి దూకాడు. జరిగిందేదో జరిగింది, ముందు చూడాలన్నాడు. ఆమె ద్వారా అతనికి అమెరికా గ్రీన్‌కార్డుకు జనవరిలోనే దరఖాస్తు పెట్టారు. కరోనాతో ఆఫీసులు మూతపడి ఫైలు నడవడం లేదు, అంతే. అట్లాంటి సమయంలో దొంగసంతకమని ఎక్కడన్నా నమోదైతే అతని బతుకు తలకిందులవుతుంది. అంచేత ఆ ప్రమాణపత్రం మీద సంతకం నాదేనని రాసి పంపెయ్యమన్నాడు. రెండు నిమిషాల పని.

పున్నయ్య అంతటితో ఆగలేదు. "తేడా తొమ్మిది వందలే అమ్మాయ్. ఇంకా ఎన్నో లెక్కపెట్టాలంట. ఇప్పుడు ఒక్కో ఓటూ బంగారమే."

సుధేష్ణ ఆయన వంక చూసింది. నిన్నటి నుంచీ దొంగ ఓట్లని టీవీతో పోటీపడి అరిచిన మనిషి. ఆ రాష్ట్రంలో దొంగ ఓటు ఉందో లేదో టీవీవాళ్లకు తెలియదు, కోర్టులకు తెలియదు. ఒకటి మాత్రం ఉందని ఈయనకు తెలుసు, వేయించింది ఈయనే. అది చెల్లాలని, ఇంత జరిగాక కూడా, ఇంకా ఆశపడుతున్నాడు. అందులో ఆయనకు విడ్డూరమేమీ కనపడలేదు. ఆయన లెక్కలో దొంగ ఓటంటే వేరే ఇంటివాడు వేసేది. సొంతింటి పెద్ద వేయిస్తే అది మాట నిలబెట్టుకోవడం.

"మామయ్య గారూ, మీ బూత్‌లో ఎప్పుడన్నా ఆడమనిషి వచ్చి, నా ఓటు ఎవరో ఏసేశారయ్యా అన్నదా?"

"ఎందుకు రాలేదు? ప్రతి ఎలక్షన్లో ఇద్దరు ముగ్గురు."

"ఏం చేసేవారు?"

"రూలుంది. టెండర్డ్ ఓటని వేరే కాయితం ఇస్తాం. ఆమె నచ్చినోళ్లకి ఏసుకుంటది. కవర్లో పెట్టి సీలేస్తాం."

"దాన్ని లెక్కపెడతారా?"

పున్నయ్య గొంతు సవరించుకున్నాడు. "పెట్టరు."

"ఆమెకి చెప్పేవారా, లెక్కపెట్టరని?"

చెప్పేవాడు కాదు. అది ఆయన మొహంలోనే తెలిసిపోయింది. ఓటేశానన్న సంతోషంతో వేలికి చుక్క పెట్టించుకుని వెళ్లిపోయిన ఇరవై రెండు ఎన్నికల ఆడవాళ్లు ఆ నడవలో ఎవరికి కనపడ్డారో ఏమో, సరోజిని పొయ్యి దగ్గర నుంచి వచ్చింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ కోడలి పక్కన నిలబడింది.

"మగాళ్లు పెట్టిన సంతకాలతోనే నడిచినయ్యమ్మా మా కాపరాలు," అంది మెల్లగా. "నీ కడుపు మండింది నాకు తెలుసు. పిల్ల మొహం చూడు."

ఆ మాటలో బెదిరింపు లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. కూతురు సహస్రకు ఎనిమిదేళ్లు. స్కూలు రెండున్నరకు వదులుతారు. తండ్రి చేసింది ఒక ఫైలుకెక్కితే ఆ పిల్లకు ఏమవుతుందో సుధేష్ణకు తెలియదు. తెలియకపోవడమే భయం. వంటింట్లోకి వెళ్లి కుర్చీలో కూర్చుంది. గోడ గడియారంలో పన్నెండున్నర. ఆ ఆఫీసు తెరవడానికి ఇంకా అరగంట.

యుగంధర్ వెనకాలే వచ్చాడు. ఈసారి గొంతు మెత్తబడింది. ఆలోచించుకుని మధ్యేమార్గం తెచ్చాడు.

"సరే, పంపొద్దు. అబద్ధం రాయొద్దు. ఊరికే ఉండు. సాయంత్రం దాటితే వాళ్లే పక్కన పడేస్తారు. అటూ పడదు, ఇటూ పడదు. ఎవరికీ నష్టం లేదు."

నిజమే. సంతకం తనదని రాస్తే తాను వేయని ఓటు చెల్లుతుంది. కాదని రాస్తే మొగుడు ఇరుక్కుంటాడు. ఊరికే ఉంటే అన్నీ సర్దుకుంటాయి. పది దాటేదాకా టీవీ చూస్తూ కూర్చుంటే చాలు. ఎల్లుండి ఆదివారం కోడి కూర వండుకోవచ్చు. ఊరికే ఉండటం ఆమెకు చేతగానిదేమీ కాదు. అద్దె కాగితం మీద తన పేరు ఇంకొకరు గీకినప్పుడు ఊరికే ఉంది. మెయిల్ పాస్‌వర్డ్ ఇంకొకరు పెట్టినప్పుడు ఊరికే ఉంది. ఏప్రిల్‌లో వృద్ధాశ్రమంలో కరోనాతో మూడు వారాల్లో పదకొండు మంది పోతే, బయట ఎవరితోనూ అనొద్దని పైవాళ్లు చెబితే, అప్పుడూ ఊరికే ఉంది. ఎర్నెస్టీన్ ఆస్పత్రిలో కూడా అందరినీ ఊరికే ఉండమనే చెప్పి ఉంటారు.

"ఎవరికీ నష్టం లేదా?" అంది.

"ఒక్క ఓటుకి ప్రభుత్వాలు మారిపోతయ్యా?"

"మారవని తెలిసే ముక్కలు చేశావా?"

ఆమె కాగితం ఒకటి తీసి, పెన్ను దాని మీద పెట్టి అతని వైపు తోసింది.

"నా సంతకం పెట్టడం నీకు బాగా వచ్చు. ఇప్పుడు నీది పెట్టు. ఏం చేశావో రాసి, కింద నీ పేరు రాయి. నువ్వే పంపు. నువ్వే పంపితే నేను నీ పక్కన నిలబడతా, లాయరు దగ్గరికైనా, ఎంబసీకైనా. ఒంటిగంట దాకా టైముంది."

ఆ మాట ఆమె నిజంగానే అంది. ఆ అరగంటలో అతను పెన్ను పట్టుకుని ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. అతను పట్టుకోలేదు. ముందుగదిలోకి వెళ్లి తండ్రితో గుసగుసలాడాడు. మళ్లీ వచ్చి, ఇంటి పరువన్నాడు. మళ్లీ వెళ్లాడు. ఇంకోసారి వచ్చి, నువ్వు మారిపోయావన్నాడు. పున్నయ్య అక్కడి నుంచే, ఆడదానికి ఓటు హక్కిచ్చింది ఇల్లు కూల్చడానికి కాదని ఎవరికో చెబుతున్నట్టు గట్టిగా అన్నాడు. తెల్లకాగితం బల్ల మీద తెల్లగానే ఉంది.

ఒంటిగంటకు సుధేష్ణ ఫోన్ తీసింది. లైను దొరకలేదు. ఆ రోజు ఆ ఆఫీసుకు ప్రపంచమంతా ఫోన్ చేస్తున్నట్టుంది. పదిసార్లు చేసింది, పదిహేనుసార్లు చేసింది. చేసిన ప్రతిసారీ యుగంధర్ మొహంలో ఇక వదిలేస్తుందన్న ఆశ వచ్చి పోతోంది. అది చూసినకొద్దీ ఆమె వేలు ఇంకా గట్టిగా నొక్కింది. ఒంటిగంటా నలభైకి అవతల ఒకామె ఎత్తింది. నాలుగు రోజులుగా నిద్రలేని గొంతు. ఆ గొంతులో ఆ ఊరి సాగదీత, మాట చివర ఆ మెత్తదనం. ఒక్క క్షణం సుధేష్ణకు ఎర్నెస్టీన్ మాట్లాడుతున్నట్టే అనిపించింది.

పేరు చెప్పింది, పుట్టిన తేదీ చెప్పింది. అవతలామె వెతికి, దొరికిందమ్మా, కంగారుపడకు, ప్రమాణపత్రం పంపితే నీ ఓటు లెక్కలో కలుపుతాం అంది. ఇంకా చాలా టైముందని ధైర్యం కూడా చెప్పింది.

"కలపొద్దు. ఆ సంతకం నాది కాదు. లోపలి ఓటు కూడా నాది కాదు," అంది సుధేష్ణ.

అవతలామె గొంతు మారింది, నిద్ర వదిలినట్టు. లోపలి కాగితం నీది కాదని నీకెలా తెలుసు అని అడిగింది. నేను నింపింది ముక్కలు చేశారు కాబట్టి తెలుసు అంది. నీ ఓటు మళ్లీ నింపి పంపడానికి లేదమ్మా, అది ఈ సాయంత్రానికి టపాలోనే చేరాలి, నాకు బాధగా ఉంది అంది అవతలామె. తెలుసంది సుధేష్ణ. ఇది ఇక నా చేతిలో ఉండదు, పైవాళ్లకు పంపాలి, వాళ్లు విచారిస్తారు, నీకు కూడా ఇబ్బంది కావచ్చు, ఆలోచించుకున్నావా అంది. ఆలోచించుకున్నానంది.

యుగంధర్ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నోరు తెరిచి శబ్దం రాకుండా ఆమె పేరు పలికాడు. పున్నయ్య టీవీ కట్టేశాడు. మంగళవారం నుంచీ ఆ ఇంట్లో టీవీ ఆగడం అదే మొదలు.

"సంతకం ఎవరు పెట్టారో తెలుసా?" అని అడిగింది అవతలామె.

"తెలుసు. నా భర్త."

"ఆయన పూర్తి పేరు చెప్పమ్మా. ఒక్కో అక్షరం మెల్లగా. నేను రాసుకోవాలి."

ఇంటిల్లిపాదికీ వినపడేటట్టు, తొందరపడకుండా, సుధేష్ణ చెప్పడం మొదలుపెట్టింది.

"వై," అంది. "యు. జి. ఏ."